మావ అని పిలిచినందుకు

మా అమ్మ తమ్ముణ్ణే నేను పెళ్ళి చేసుకున్నాను. ఇందులో అంత వింతేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. శ్రీకాకుళం వైపు మా ఇళ్ళల్లో ఆడపిల్ల పుడితే, "మావ ఉన్నాడు కదా, ఇంకేటి దిగులు" అనేవారు. పెళ్ళికి ముందూ మావే, పెళ్ళయ్యాకా మావే. పిలుపు మార్చుకునే శ్రమ కూడా ఉండదు. భిలాయి వచ్చాకే ఆ రెండక్షరాల మాట నా ప్రాణానికొచ్చింది.

నాన్న పోయాక అమ్మనీ నన్నూ మావే ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగం, సెక్టర్ సిక్స్‌లో రెండు గదుల క్వార్టరు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఇంట్లోవాళ్ళకి ఆసుపత్రిలో వైద్యం ఉచితం కాబట్టి మా ఇద్దరి పేర్లూ మెడికల్ కార్డులో రాయించాడు. అమ్మ పేరుకి ఎదురుగా "బహన్", అంటే తోబుట్టువు, నా పేరుకి ఎదురుగా "భాంజీ", అంటే మేనకోడలు. మూడేళ్ళకి మాకు పెళ్ళయింది. కార్డు సంగతి ఎవరికీ తట్టలేదు. పెళ్ళంటే పందిరీ పప్పన్నమూ గుర్తుంటాయి గానీ కార్డులు గుర్తుంటాయా?

పెళ్ళయిన కొత్తలోనే పక్క క్వార్టరులోకి ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ వచ్చింది. మంచి మనిషి. రోజూ మా ఇంటికొచ్చి మజ్జిగ పట్టుకెళ్ళేది. ఒకరోజు మావ సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళిపోతుంటే, "మావా, క్యారేజీ మర్చిపోయావు" అని గుమ్మంలోంచి అరిచాను. ఆయన్ని ఏమని పిలిచావని అడిగింది ఆవిడ. నాకొచ్చిన ముక్కల హిందీలో, గొప్పగానే, మా చుట్టరికమంతా చెప్పాను. ఆవిడ గుమ్మంలోనే చతికిలబడి చెంపన చెయ్యి పెట్టుకుంది.

వాళ్ళల్లో మామ మేనకోడలి కాళ్ళకి దణ్ణం పెట్టాలట. రాముడి తల్లి తమ ఛత్తీస్‌గఢ్ నేల ఆడపడుచు, అంచేత రాముడు ఆ నేల మొత్తానికి మేనల్లుడు, మేనల్లుడైనా మేనకోడలైనా దేవుడితో సమానమట. "ఆయన నీ కాళ్ళు మొక్కాల్సింది పోయి నువ్వు ఆయన కాళ్ళు మొక్కుతున్నావా, బిడ్డా?" అంది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. జాలిపడింది. ఆ రోజు నుంచి మా మజ్జిగ పుచ్చుకోలేదు. అది ఇంకా మండింది నాకు.

పంతం పట్టి, కనిపించినవాళ్ళనల్లా ఆ మాట గురించి అడగడం మొదలెట్టాను. బెంగాలీవాళ్ళకీ మామా అంటే తల్లి సోదరుడే, తండ్రి తరవాత తండ్రి. హైదరాబాదు వైపు నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి భార్య, తమ ఉర్దూలో మేనమామని మామూ అంటారనీ, మామా అంటే ఇంట్లో పనిచేసే ఆడమనిషనీ చెప్పింది. బాగుంది, మొగుడు కాస్తా పనిమనిషి అయిపోయాడు. మేడ మీది తమిళావిడ ఒక్కతే, తమవైపు కూడా మొగుణ్ణి మామా అంటారని చెప్పి మామూలుగా నవ్వింది. ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది.

సుపేలా బజారులో ఒకనాడు, మా ఫ్యాక్టరీకొచ్చిన రష్యన్ ఇంజనీర్ల తాలూకు ఒక దొరసాని చెయ్యి వదిలేసి వెనకబడ్డ చంటిది, "మామా, మామా" అని ఏడుస్తూ పరిగెత్తింది. ఆ దొరసాని వెనక్కి తిరిగి ఎత్తుకుంది. మా అమ్మ ముక్కు మీద వేలేసుకుని, "ఓలమ్మో, ఆళ్ళకి మావంటే అమ్మటే!" అంది. ఆ పిల్లని చూసి అసూయపడ్డాను. ఆ మాటతో పిలిచి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు దానికి.

ఈ మాట ఎక్కడ పుట్టిందని మా సెక్టర్లో ఉండే తెలుగు మాస్టారిని అడిగాను. సంస్కృతం నుంచి మనకొచ్చిందని కొందరు, మన దక్షిణాది మాటే అటు వెళ్ళిందని కొందరు అంటారనీ, తనకి మాత్రం రెండూ నమ్మకం లేదనీ అన్నారు. "పాలకేడ్చే బిడ్డ పెదాలు కలిపి విడదీస్తే వచ్చేది 'మ'. ఆ చప్పుడికి ఎవరు పలికితే వాళ్ళది ఆ పేరు. ఒక దేశంలో తల్లి పలికింది, ఇంకో దేశంలో తల్లి తోడబుట్టినవాడు పలికాడు" అన్నారు. మాట బాగానే ఉంది. కానీ మెడికల్ కార్డుల ఆఫీసులో గుమాస్తాకి ఇదంతా ఎవరు చెప్పాలి?

ఎందుకంటే అప్పటికి నాకు నాలుగో నెల. ఆసుపత్రిలో పురుడు పోయాలంటే కార్డులో నేను భార్యనై ఉండాలి. మావ డ్యూటీ దిగి ఆఫీసుకెళ్ళాడు. గుమాస్తా కార్డు చూసి, "భాంజీ పత్నీ కైసే హో గయీ?" అన్నాడు. మేనకోడలు పెళ్ళామెలా అయిందని ఆయన ప్రశ్న. పెళ్ళి ఫోటో పట్టుకెళ్ళాడు మావ. దగ్గరి చుట్టాల్లో పెళ్ళి చెల్లదని చట్టం చూపించాడట గుమాస్తా. ఆచారం ఉన్నచోట చెల్లుతుందని అదే చట్టంలో ఉందని మావ అంటే, అయితే ఆచారానికి రుజువు తెమ్మన్నాడు. ఆచారానికి రుజువేమిటి, నా మొహం! మా ఊళ్ళో ఏ గుమ్మం తట్టినా రుజువే తలుపు తీస్తుంది. ఊరి కరణం చేత ఉత్తరం రాయించి తెప్పించాం. తెలుగులో ఉందని తిప్పి పంపాడు. హిందీలో రాయించి ఇస్తే, అందులో మామా అన్న చోటల్లా ఎర్ర సిరాతో గీత గీసి, పైఅధికారికి ఇది చూపించలేనన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎనిమిదో నెలలో ఆ పొట్టేసుకుని నేనే వెళితే, "బైఠో బేటీ" అని కుర్చీ వేయించాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

తరవాతి వారం మావ ఇంటికొచ్చి పనైపోయిందన్నాడు. ఎలా అయిందని అడిగితే, "అయిపోనాది కదా, ఇంకా ఏటి నీకు?" అని కసిరాడు. నేనూ రెట్టించలేదు. ఆ పూట బూరెలు వండాను.

నొప్పులొచ్చాక కార్డు చూపించి ఆసుపత్రిలో చేర్చింది మావే. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు పొద్దున్న కేరళ నర్సు బిడ్డని చేతుల్లో పట్టుకుని వార్డులో ఒక పేరు పిలిచింది. మా ఇంటి పేరూ, దాని పక్కన మా అమ్మమ్మ పేరూ. అమ్మమ్మ పోయి ఏడేళ్ళయింది. ఎవరో మనవైపు మనిషే కాబోలని ఊరుకున్నాను. నర్సు మళ్ళీ పిలిచింది, మళ్ళీ పిలిచింది. బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. చివరికి మంచం నంబరు చూసి నా దగ్గరకొచ్చి, సొంత పేరుకి పలకవేమని చీవాట్లు పెట్టి, బిడ్డనీ ఒక కాగితాన్నీ నా ఒళ్ళో పెట్టింది. కాగితంలో తల్లి పేరు అమ్మమ్మది. అమ్మకి చదివి వినిపిస్తే, "అయితే ఇది మాయమ్మ కడుపున పుట్టినట్టు. నాకు సెల్లెలు" అని నవ్వేసింది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మావ వచ్చాడు. కాగితం చూపించాను.

"నా పేరేటైపోనాది, మావా?"

నేల చూపులు చూస్తూ చెప్పాడు. "మేనకోడలికి పెళ్ళైపోయి ఎల్లిపోనాదని కార్డులో పేరు కొట్టించేసాను. ఆ గుమస్తాయే సెప్పాడు, అదొక్కటే దారని. కొత్తగా పెళ్ళామొచ్చిందని రాసుకున్నాడు. అదే పేరు మళ్ళీ రాస్తే పైవోళ్ళు అడుగుతారు, ఏరే పేరు సెప్పమన్నాడు. నోటికి మాయమ్మ పేరే వచ్చింది."

"నానెక్కడికెల్లిపోయాను? ఆ ఇంట్లోనే ఉన్నాను కదా?"

మావ బిడ్డ కోసం చేతులు చాపాడు. నేను ఇవ్వలేదు. "ముందు నా పేరెట్టి పిలువు" అన్నాను. అప్పుడే మందుల ట్రే పట్టుకుని నర్సు వచ్చి, అమ్మమ్మ పేరు రాసున్న చీటీ చూసుకుంటూ మంచం పక్కన నిలబడింది. మావ ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు, నోరు విప్పలేదు. నేనూ బిడ్డని ఇవ్వలేదు.