కాళ్ళున్నవాళ్ళ వీధి

జోళ్ళాయన అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. ఆయన కుట్టేవి షోకు జోళ్ళు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు, పాదం వంకరపోయినవాళ్ళకు, చక్కెర జబ్బుతో అరికాలు పుండుపడ్డవాళ్ళకు కొలిచి కుట్టే జోళ్ళు. కాలి కింద కాగితం పరిచి చుట్టూ పెన్సిలుతో గీసేవాడు. తరవాత మనిషిని నిలబెట్టి మళ్ళీ గీసేవాడు. ఒంటి బరువు పడితే పాదం పరుచుకుంటుంది, ఆ తేడా తెలియనివాడు సూది ముట్టుకోకూడదనేవాడు.

ఆ వీధికో సంఘం ఉంది. సంఘమంటే నలుగురు హోటళ్ళవాళ్ళు, వాళ్ళు ఏమన్నా తలాడించే ఒక అధ్యక్షుడు. ఎండాకాలమంతా వారంవారం శుక్రవారం నుంచి ఆదివారం దాకా బండ్లు ఆపేసి నడిరోడ్డు మీద బల్లలు వేస్తారట, జనం ఆరుబయట కూర్చుని తింటారట, వీధి కళకళలాడుతుందట. రోడ్డున పడి తినడం గొప్పని ఈ పుణ్యాత్ములకు ఎవరు చెప్పారో! పైకి మాత్రం "నడిచేవాళ్ళ వీధి" అని పేరు పెట్టి, కాలికి బలపం కట్టుకుని కొట్టుకొట్టుకూ తిరిగి సంతకాలు అడిగారు.

మొదటి సంతకం జోళ్ళాయనదే. జనం నడిస్తే జోళ్ళు అరుగుతాయి, అరిగితే తన దగ్గరికే వస్తారని చంకలు గుద్దుకున్నాడు. సాయంత్రం సంగతి విని భార్య నోరు వెళ్ళబెట్టింది.

"నడిచేవాళ్ళు మన కొట్టుకెందుకొస్తారండీ? మన దగ్గరికొచ్చేది నడవలేనివాళ్ళు కదా!"

ఆయనకు అప్పుడు వెలిగింది. వెలిగి ఏం లాభం, సంతకం అప్పటికే పడిపోయింది, శుక్రవారానికి అడ్డుకంచెలు దిగిపోయాయి.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళను కొడుకులో కూతుళ్ళో తమకు సెలవుండే శనివారాలు కార్లో తీసుకొచ్చి గుమ్మం ముందు దింపేవాళ్ళు. ఇప్పుడు కారు వీధి మొదట్లోనే ఆగాలి. అక్కణ్ణుంచి రెండొందల అడుగులు. ఆరు శనివారాలు గడిచాయి. ఆ రోజుల్లో కొట్టు గడప తొక్కినవాళ్ళలో సగంమంది మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి వచ్చినవాళ్ళే. ఈ ఎండాకాలం ఇలాగే సాగితే కొట్టు మూసుకోవడమేనని జోళ్ళాయన అధ్యక్షుడి దగ్గర మొరపెట్టుకున్నాడు.

"జనం పెరిగారుగా!" అన్నాడు అధ్యక్షుడు.

"పెరిగారు. అందరికీ రెండేసి కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి, నేనేం చేసుకోను?"

"మీవాళ్ళు కూడా కాస్త నడిస్తే ఒంటికి మంచిదేనండీ."

ఇంత తెలివి ఒక్క బుర్రలో ఎలా పట్టిందోనని జోళ్ళాయన తెల్లబోయాడు.

ఏడో శనివారం మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. ఆవిడ ఎడమకాలు రెండంగుళాలు పొట్టి. ముప్పై ఏళ్ళుగా జోళ్ళాయనే ఆ జోడు అడుగు ఎత్తు చేసి కుట్టిపెడుతున్నాడు. కొడుకు కంచె దగ్గర దింపి కారు పెట్టుకోవడానికి పోయాడు. సగం దూరం నడిచేసరికి ఆయాసం వచ్చి ఆవిడ ఒక ఖాళీ కుర్చీలో కూలబడింది. వెంటనే హోటలు కుర్రాడు ప్రత్యక్షమయ్యాడు.

"ఏం తీసుకుంటారు?"

"ఊపిరి తీసుకుంటా బాబూ."

"ఆర్డరు లేకపోతే కుర్చీ ఖాళీ చెయ్యాలండీ."

కొట్టు గుమ్మంలోంచి ఇది చూసిన జోళ్ళాయనకు ఒళ్ళు మండింది. కాగితం, పెన్సిలు పట్టుకుని పరుగున వచ్చి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ జోడు విప్పి కాలి కింద కాగితం పరిచాడు. పక్కబల్ల దగ్గర తింటున్న దొరగారొకడు చెంచా కిందపెట్టి ముక్కు చిట్లించాడు. హోటలాయన ఊడిపడ్డాడు.

"జనం తినేచోట కాళ్ళేంటయ్యా, అసహ్యంగా!"

"వీధన్నాక కాళ్ళే ఉంటాయి. దారితప్పి వచ్చింది మీ తిండి."

నలుగురూ తలలు తిప్పి ఆ కాలివైపే చూశారు. టీచరమ్మ తనంతట తానే కాలు వెనక్కి లాక్కుంది.

"చాలు నాయనా. నీ జోళ్ళేసుకున్నప్పట్నుంచీ నేను కుంటిదాన్నన్న సంగతే మర్చిపోయాను. ఇవాళ వీళ్ళు గుర్తుచేశారు."

జోళ్ళాయన కాగితం మడిచి, జోడు మళ్ళీ ఆవిడ కాలికి తొడిగాడు. లేచి అన్నాడు. "ఇక మీరు రావద్దమ్మా. నేనే మీ ఇంటికొచ్చి కొలుచుకుంటాను."

"అందరి ఇళ్ళకీ తిరుగుతావా?"

"తిరుగుతాను."

"మరి కొట్టెందుకు నాయనా?"

ఆయన ఆ మాటే నాలుగు రోజులు ఆలోచించాడు. నెలాఖరుకు కొట్టు ఖాళీ చేశాడు. ఇప్పుడందులో వాన పడిన రోజు హోటలాయన వీధి కుర్చీలు పెట్టుకుంటున్నాడు.