స్టేజీ మీద పిలవని పేరు

2022లో నేను పెనుకొండ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీకి విరాళాలు సేకరించే పనిలో ఉన్నాను. అప్పటికే ఈ వృత్తిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. చందాలు అడగడమే మా పని అనుకుంటారు చాలామంది. అసలు పని డబ్బు వచ్చాక మొదలవుతుంది. అది ఎలా ఉపయోగపడిందో ఇచ్చినవారికి చూపించి, వారి నమ్మకం నిలబెట్టుకోవాలి. దాన్ని మేము స్టీవార్డ్‌షిప్ అంటాం.

ఆ ఏడాది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒక శెట్టిగారు, మా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరిన పేద అమ్మాయిల ఫీజులు కడతానన్నారు. రొళ్ల నుంచి, కనగానపల్లి నుంచి వచ్చే పిల్లలు ఫీజు కట్టలేక మానేస్తున్న రోజులవి. ఆయన కోరింది ఒక్కటే. ధర్మవరంలో సభ పెట్టి, ఆ పిల్లలను పేరుపేరునా స్టేజీ మీదికి పిలవాలి.

సంగతి కాలేజీలో పాకింది. మర్నాడు ఆ కోర్సులోనే చదివే భారతి అనే అమ్మాయి నా గదికి వచ్చింది.

"మేడం, మా నాయన ఆ శెట్టిగారికే చీరలు నేస్తాడు. ఊరందరి ముందర నన్ను పిలిస్తే మా నాయన మళ్లా ఆ అంగడి మెట్లెక్కలేడు. పిలిచేదుంటే నాకు ఫీజొద్దు, చదువూ వద్దు."

ఏడవలేదు. తేల్చి చెప్పేసి వెళ్లిపోయింది.

నేను ధర్మవరం వెళ్లాను. సభ వద్దనీ, పేర్లు కూడా చెప్పలేననీ అనేసరికి శెట్టిగారి ముఖం మారిపోయింది.

"అదేమమ్మా! దుడ్డు నాది. ఎవురికి పోతాండాదో నాకు తెలియగూడదా?"

"ఫీజుల రసీదులు చూపిస్తాను. పిల్లలు ఎలా చదువుతున్నారో చెబుతాను. పేర్లు మాత్రం అడగొద్దండీ. సాయం తీసుకున్నందుకు వాళ్లు తల దించుకోకూడదు."

"అట్లయితే ఇంగ చూద్దాంలేమ్మా" అని ఆయన బేరం వైపు తిరిగిపోయారు.

మా కాలేజీని నడిపే ట్రస్టు ఆఫీసు హిందూపురంలో ఉంది. అక్కడ అందరూ నన్నే తప్పుపట్టారు. "నాలుగు ఫోటోలతో పోయేదానికి ఇంత పంతమా?" అని సెక్రటరీ విసుక్కున్నారు. నేను మాట మార్చుకోలేదు. శెట్టిగారినీ వదిలిపెట్టలేదు. "ఒక్కసారి ల్యాబుకు రండి. క్లాసంతా ఉంటుంది, వాళ్లు పని చేస్తుంటే చూద్దురుగాని" అని మళ్లీ ఫోన్ చేశాను.

వచ్చారు. ముభావంగానే అంతా తిరిగారు. "షుగర్ చూపించుకుంటారా సార్?" అంటూ టీచరు పక్కనున్న అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి భారతి! ఆమె ఎవరి కూతురో శెట్టిగారికి తెలియదు.

"భయపడాకండి సార్. చెయ్యి వదులుగా పెట్టండి."

ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, "ఇంగా గుచ్చలేదా?" అన్నారు.

"అయిపోయింది సార్."

"అయిపోయిందా! తెలీనే లేదే!"

క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వేశారు.

బయటికి వచ్చాక గొంతు తగ్గించి, "ఆ పాప కూడా నేను ఫీజు కట్టాల్సినోళ్లలో ఉండాదామ్మా?" అని అడిగారు.

"చెప్పలేనండీ."

కారు తలుపు తెరిచి, మళ్లీ నా వైపు తిరిగారు.

"చెప్పాకులే. నా కూతురైతే నేనూ చెప్పనియ్యను. కోర్సు అయ్యేదాకా అందరికీ కడతా. సభా గిభా ఏమొద్దు."

ఆ బ్యాచ్‌లో ఫీజు కట్టలేక ఒక్కరూ చదువు మానలేదు. భారతి ఇప్పుడు హిందూపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. వాళ్ల నాయన ఇప్పటికీ శెట్టిగారికే నేస్తున్నాడు. ఈ సంగతి రాయమన్నది కూడా ఆ అమ్మాయే. పేరు మాత్రం నేను మార్చాను.

ఇంతకన్నా పెద్ద విరాళాలు చాలానే తెచ్చాను. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది దీని గురించే. ఇచ్చేవారికి ఎంత మర్యాద ఇస్తామో, తీసుకునేవారికీ అంతే ఇవ్వాలి. ఆ రోజు కారు పక్కన నిలబడి "చెప్పలేనండీ" అన్నానే, నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించే మాట అదే.