ఉబ్బిన బ్యాటరీ, విరిగిన ముక్కు

మంగళవారం పొద్దున సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే పక్కింటి ఆంటీ ఫోన్ చేసింది. "మీ అంకుల్ పోయారు బాబూ. కాఫీ కలిపి తెచ్చేలోపు పోయారు," అంది. ఏడవలేదు. ఆ మాట ఎవరికో అప్పజెప్పాలన్నట్టు చెప్పి పెట్టేసింది. నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. మూడేళ్ల కిందట ఆ ముక్కు విరగ్గొట్టింది ఆయనే.

టోవా పాయో అనే పేటలో మాది తొమ్మిదో అంతస్తు. గోడకి అటు వాళ్లు, ఇటు నేను. నేను ఉద్యోగం కోసం గుంటూరు నుంచి ఈ దేశం వచ్చినవాణ్ణి. అంకుల్ తాతగారు ఎప్పుడో కాకినాడ వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. "మకాన్ అయిందా?" అని అడిగితే అన్నం తిన్నావా అనీ, మాట చివర తగిలించే 'లా' ఇక్కడివాళ్ల ఊతపదమనీ అర్థం చేసుకోవడానికి నాకు వారం పట్టింది. అంకుల్ జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అక్కడ మంటల్లో చిక్కుకున్న స్నేహితుణ్ణి చెయ్యి పట్టి లాగితే, చేతి చర్మం గ్లవుజులా ఊడి వచ్చిందని ఒక్కసారే చెప్పారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆయనకి కోపం జాస్తి. ఆంటీ ముందు కంచం గోడకి విసిరికొట్టడం నా కళ్లారా చూశాను. కానీ ఆదివారం మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని బీచ్‌లో దిగితే వేరే మనిషి. ఇసుకలో నాణేలు, ఎవరో పోగొట్టుకున్న ఉంగరాలు వెతకడం ఆయన సరదా. ఆ పిచ్చి నాకూ అంటించి, నాచేత ఒక డిటెక్టర్ కొనిపించారు. నేర్పింది మాత్రం ఎక్కువగా బ్యాటరీ గురించే. స్పీకర్ కట్టేసి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకాసేపు నిలుస్తుంది. ఇంటికి రాగానే ఉప్పు తేమ తుడవాలి. నెల రోజులు వాడనప్పుడు సగం ఛార్జితో ఉంచాలి. "బ్యాటరీని పస్తు పెట్టకూడదు, మెక్కబెట్టకూడదు," అనేవారు. ఎండలో కాగిన బ్యాటరీ ప్యాక్‌ని నేను వెంటనే ఛార్జర్‌కి తగిలించబోతే చేతి మీద ఛెళ్లున కొట్టారు. "వేడి మీదున్న బ్యాటరీనీ, వేడి మీదున్న మొగుణ్ణీ కదపకూడదోయ్. మీ ఆంటీనడుగు." ఆంటీ నవ్వలేదు.

నా ప్యాక్ రెండు గంటలకే చచ్చిపోతోందని ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని చవక ప్యాక్ తెప్పించాను. ఆయనకి చెప్పలేదు. రెండో వారానికి కాస్త ఉబ్బింది. అయినా శనివారం మధ్యాహ్నం సోఫా మీద పడేసి ఛార్జింగ్ పెట్టి అన్నానికి కూర్చున్నాను.

బుస్సుమని చప్పుడు. తిరిగి చూస్తే తెల్లటి పొగ. లేచేలోపే ఢామ్మని పేలింది. నిప్పు ముక్కలు నా చొక్కా మీద, కర్టెన్ మీద పడ్డాయి. సోఫా భగ్గుమంది. దాన్ని బయటికి విసిరెయ్యాలి, అంతే తోచింది నాకు. తువ్వాలుతో ప్యాక్‌ని పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

తీసి ఉన్న తలుపులోంచి అంకుల్ దూసుకొచ్చారు. "విసరకురా! కింద పిల్లలున్నార్రా!"

వినపడింది, తలకెక్కలేదు. చెయ్యి కిటికీ బయట పెట్టాను. ఆయన నా జుట్టు పట్టి వెనక్కి ఈడ్చారు. మోచేత్తో ఆయన రొమ్ములో పొడిచాను. అప్పుడు గుద్దారు. ముక్కులో ఎముక పటుక్కుమంది, నోరంతా రక్తం. ప్యాక్ నేల మీద పడి, అందులో మిగిలిన సెల్స్ ఒక్కొక్కటే పేలాయి. ఒకటి ఆయన ముంజేతికి అతుక్కుని కాలింది. దులుపుకోలేదు. కాలర్ పట్టి నన్ను కారిడార్‌లోకి ఈడ్చి, తలుపు ధడాల్న మూసి, "ఫైరింజన్‌కి ఫోన్ చెయ్!" అని ఆంటీ మీద అరిచారు.

ముక్కుకి కట్టుతో ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా కోపంతో నా ఒళ్లు మండుతూనే ఉంది. "పోలీసు కంప్లైంట్ ఇస్తాను, ఆంటీ," అన్నాను. ఆమె నన్ను మసిబారిన ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "చూడు," అంది. సరిగ్గా కింద జారుడుబల్ల. దాని మీద ఏడుగురు పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు.

సాయంత్రం చేతికి కట్టుతో ఆయనే వచ్చారు.

"ముక్కెలా ఉందోయ్?"

"ఊపిరాడట్లేదు అంకుల్."

"ఆడుతోంది కాబట్టే మాట్లాడుతున్నావు లా." కుర్చీ లాక్కున్నారు. "సారీ చెప్పను. మళ్లీ విసరబోతే మళ్లీ కొడతాను. ఉబ్బిన బ్యాటరీ అంటే ఊపిరి బిగపట్టిన దున్నపోతు. దాన్ని ఇంట్లో కట్టేసి అన్నం తింటావా?"

ఆయన మహానుభావుడని నేను చెప్పను. ఆంటీ వింటే ఒప్పుకోదు. కానీ ఆయన లేకుంటే, ఏదో ఒక బిడ్డ తల మీద నిప్పు పడేసిన చేతులతో నేను బతకాల్సి వచ్చేది. అలా బతకనివ్వలేదు. దానికి నేను ఆయన కాళ్లకి దండం పెట్టుంటే బాగుండేది. పెట్టలేదు.

అస్థికలు సముద్రంలో కలిపిన తర్వాతి ఆదివారం ఆంటీ నా తలుపు కొట్టింది. "ఆ మిషన్ ఎలా పట్టుకోవాలో చూపించు, పద." ఆయనతో ఒక్కనాడూ బీచ్‌కి వెళ్లని మనిషి. చీర కుచ్చిళ్లు దోపుకుని, డిటెక్టర్‌ని చీపురులా ఇటూ అటూ ఊపుతూ నీళ్ల అంచున నడిచింది. ఒకచోట అది కుయ్యిమంది. ఆంటీ మోకాళ్ల మీద కూలబడి, నేను తెచ్చిన చిన్న పార రెండు చేతులా ఎత్తి ఇసుకలో పొడిచింది. "ఒక్క మాట చెప్పి పోకూడదా! చెప్పి పోకూడదా!" పొడిచిన ప్రతిసారీ తడి ఇసుక ఆమె మొహాన పడుతోంది. అల వచ్చి గుంట పూడ్చేసింది. ఆమె మళ్లీ అక్కడే పొడిచింది.