అక్క రాయించిన గోడ

పోయిన వారం కళ్ళ డాక్టరు దగ్గరికని పంజాగుట్ట వెళ్ళి, తిరిగి అమీర్‌పేట వచ్చే బస్సు కోసం స్టాపులో కూర్చుని ఉండగా, నా వెనక ప్రకటన బోర్డు మీద ఎవరో గీకుతున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న ఇద్దరు నడివయసు మనుషుల్లో ఒకాయన బండి తాళంచెవితో బోర్డు గీకుతున్నాడు, రెండో ఆయన దాన్ని సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. చుక్కలమందు వేసిన కళ్ళకు మసకగా కనబడినా అంత పెద్ద అక్షరాలు కావడంతో చదవగలిగాను. “మతం లేకుండా కూడా మర్యాదగా బతుకుతున్నాం. మేమూ మీ ఇరుగుపొరుగువాళ్ళమే” అని నీలం రంగు మీద తెల్లగా రాసి, కింద ఏదో చిన్న సంఘం పేరు వేశారు. ఇందులో తప్పేముందని అడిగితే, వీడియో తీస్తున్నాయన నా నెరిసిన తలకు గౌరవమిచ్చి, మా మనోభావాలు దెబ్బతిన్నాయి పెద్దాయనా అని నెమ్మదిగానే చెప్పాడు. పక్క బోర్డు మీద నిమ్మకాయ బొమ్మ వేసి, కోరుకున్న స్త్రీని ఇరవై నాలుగు గంటల్లో వశం చేసిపెడతామని ఫోను నంబరుతో సహా ప్రకటించుకున్న మహానుభావుడి జోలికి మాత్రం వాళ్ళు పోలేదు. ఒకరి కూతురినో చెల్లెలినో వశం చేస్తానంటే దెబ్బతినని మనోభావం, మేమూ మనుషులమే అన్న మాటకు దెబ్బతిన్నదట. ఒళ్ళు మండిపోయింది. బస్సు వచ్చినా ఎక్కలేదు, ఇంటిదాకా నడిచే వచ్చాను.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను నాస్తికుణ్ణి కాను. పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ తాగను, శనివారం ఒంటిపూట భోజనం ఇప్పటికీ మానలేదు. అలాంటివాడికి ఇంత కోపమెందుకని మా కోడలు అడిగింది. తనకు చెప్పాలంటే అక్క గోడ దగ్గర మొదలుపెట్టాలి. చెప్పలేక, కొంత సిగ్గుపడి, ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు రాకముందు అమీర్‌పేట చౌరస్తా దగ్గర ఒక మెట్లకింద గదిలో మా మేనమామ పెట్టిన పెయింటింగ్ షాపులో పని నేర్చుకుని, ఆయన తర్వాత అదే గదిలో ముప్పై ఏళ్ళు అక్షరాలు రాస్తూ బతికాను. కంప్యూటర్ కోర్సుల హోరు మొదలైన రోజుల్లో ఎస్.ఆర్. నగర్ నుంచి బేగంపేట దాకా ఖాళీ గోడ కనబడితే చాలు, ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్ పేరు రాయమని నన్నో నాలాంటి మరొకణ్ణో పిలిచేవాళ్ళు. ఆ కోర్సులేమిటో, వాటితో ఏం ఉద్యోగం వస్తుందో తెలియకుండానే ఎన్ని వందల గోడలు నింపానో నాకే గుర్తులేదు. మా మేనమామ నాకు నేర్పిన మొదటి పాఠం అక్షరం కాదు, ఆచారం. గోడకు వెల్ల కొట్టి ఆరాక, కుంచె కళ్ళకద్దుకుని, పైన నడిమధ్యలో ఎర్రరంగుతో చిన్న శ్రీ రాయాలి. ఆ తర్వాతే పని. సిమెంటు ప్రకటనకైనా, సెలూనుకైనా అంతే. రెండేళ్ళకే ఆ శ్రీ నా బుద్ధితో పనిలేకుండా నా చెయ్యే రాసేసేది.

మా బావ, అంటే అక్క భర్త, కరెంటు డిపార్టుమెంటులో పనిచేసేవాడు. అమీర్‌పేటలో మా వీధికి రెండు వీధుల అవతల చిన్న సొంత ఇల్లు, ముందు పొడుగాటి ప్రహరీగోడ. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. లేదని ఎవరితోనూ వాదనకు దిగేవాడు కాదు, అడిగితే దాచేవాడూ కాదు. ఏటా వినాయక చవితి పందిరికి స్తంభం ఎక్కి లైట్లు వేసేది ఆయనే, నిమజ్జనం రోజు తీగలు తలకు తగలకుండా లారీ ముందు కర్ర పట్టుకుని నడిచేదీ ఆయనే. ప్రసాదం పెడితే పులిహోర బాగుందని రెండోసారి అడిగి తినేవాడు. ఏ ఇంట్లో ఫ్యూజు పోయినా భోజనం దగ్గర నుంచి లేచి వెళ్ళేవాడు, అక్క విసుక్కునేది.

ఆయన గుండెపోటుతో పోయినప్పుడు, ముందే రాసిపెట్టిన కాగితం ప్రకారం అక్క ఆయన శరీరాన్ని వైద్య కళాశాలకు ఇచ్చేసింది. దినం చేయలేదు, పిండం పెట్టలేదు. అక్క ప్రభుత్వాసుపత్రిలో నర్సు. చావును దగ్గరగా చూసిన మనిషి, ఏడవాల్సినంత ఏడ్చి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మొదలయ్యాయి మాటలు. మొగుణ్ణి కాలేజీకి అమ్ముకుందని ఒకరు, కర్మ చేయని ఆత్మ ఆ ఇంటి ముందే తిరుగుతోందని ఒకరు. సాయంత్రాలు ఆ గేటు ముందు ఆడుకునే పిల్లల్ని తల్లులు లోపలికి పిలిచేసుకోవడం మొదలుపెట్టారు. ఏ ఇళ్ళకు ఆయన కరెంటు తెప్పించాడో ఆ ఇళ్ళే అవి. అక్క అన్నీ భరించింది గానీ, పిల్లలు రాకపోవడం మాత్రం భరించలేకపోయింది. మీ బావను దయ్యాన్ని చేశార్రా అని నా దగ్గర ఒక్కసారి అంది.

ఏడాది నిండిన రోజున అందరూ వర్ధంతికి ఫొటో పెట్టి దండ వేస్తారు కదా, అక్క నన్ను పిలిచి ప్రహరీగోడ మీద రాయమంది. ఏం రాయాలో నోటుపుస్తకం కాగితం మీద తనే రాసి ఇచ్చింది. “ఈ ఇంటాయన దేవుణ్ణి నమ్మలేదు. మనుషుల్ని నమ్మాడు. ఎవరికీ అన్యాయం చేయలేదు. తన శరీరాన్ని డాక్టరు చదువుకునే పిల్లలకు ఇచ్చి వెళ్ళాడు. ఏదైనా అడగాలనుకున్నవాళ్ళు లోపలికి రావచ్చు.” అంతే. ఇంకొకరి దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. నేను నా పనితనమంతా పెట్టి, ముదురు నీలం రంగులో, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కణ్ణే రాశాను. అన్నం తిని బయటికి వచ్చి అక్క కాసేపు చదువుకుని, ఉన్నట్టుండి నవ్వింది. ఎందుకా అని చూస్తే, పైన నడిమధ్యలో ఎర్రగా శ్రీ.

నాకు ముఖం చెల్లలేదు. వెల్ల తెచ్చి చెరిపేస్తానన్నాను. అక్క వద్దంది. “ఉండనీలేరా. నువ్వు నమ్మేది నీది, మీ బావ నమ్మనిది ఆయనది. రెండూ ఒక గోడ మీద పట్టాయిగా” అంది. ఆ మాట అన్నప్పుడు అక్క ముఖంలో ఏడాది తర్వాత మొదటిసారి తేట కనిపించింది నాకు.

రెండు రోజులు వచ్చేపోయేవాళ్ళు ఆగి చదివారు. ఒకరిద్దరు మెచ్చుకున్నారని కూడా విన్నాను. మూడో రోజు పొద్దున నేను అక్క ఇంట్లో ఉండగానే కాలనీ సంఘం పెద్దాయన, ఆయన వెంట ఆరేడుగురు వచ్చి గేటు బయట నిలబడ్డారు. లోపలికి రావచ్చని గోడ మీదే రాసి ఉంది, ఒక్కరూ లోపలికి రాలేదు. ఆ పెద్దాయన చెడ్డమనిషి కాదు. కాలనీలో కొత్తగా కడుతున్న గుడికి కమిటీ ఆయనే నడిపేవాడు, ఆ గుడి ముఖద్వారం మీద అక్షరాలు రాసే పని నాకే ఒప్పజెప్పాడు. నేను ఆ నెల ఆ పనిలోనే ఉన్నాను, అక్షరాలు సగం అయ్యాయి. మా మేనమామ అంతటివాడికి కూడా దొరకని పని అది.

మొదట గోడల మీద రాతలు మున్సిపాలిటీ ఒప్పుకోదన్నారు. చుట్టుపక్కల గోడలన్నీ నేను రాసిన కంప్యూటర్ కోర్సులే కాబట్టి ఆ మాట వాళ్ళకే నిలవలేదు. దేవుణ్ణి నమ్మలేదనడం నేరమా అని అక్క అడిగింది. అప్పుడు దొరికింది వాళ్ళకు నా శ్రీ. పెద్దాయన దాన్ని చేత్తో చూపిస్తూ అన్నాడు. “నమ్మకపోతే నమ్మకపాయె, ఆయన ఇష్టం. గాని పైన శ్రీ రాసి, కింద గట్ల రాపిస్తే మమ్మల్ని ఎక్కిరించినట్టే గదమ్మా? గిది మస్తు తప్పు. జర ఆలోచించు.” వెంట వచ్చిన వాళ్ళకు ఆ మాటతో ఊపిరి వచ్చింది. అవమానమన్నారు, పోలీసు స్టేషనన్నారు, ఒంటరి ఆడదానికి ఇంత పొగరా అని మా గోదావరి జిల్లాల నుంచే వచ్చిన ఒకాయన, మాటమాటకీ ‘అండీ’ అంటూ మర్యాదగానే అన్నాడు.

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం కూడా లేదు, ఎదురుచూడటమే. అది నా చేతి అలవాటండీ, నేను నమ్మినవాణ్ణి కాబట్టి రాశాను, ఇందులో వెక్కిరింపు లేదు అని నేనొక్క మాట అంటే అయిపోయేది. వాళ్ళ చేతిలో ఇంకేమీ మిగిలేది కాదు. నాకు గుడి ముఖద్వారం కళ్ళముందు మెదిలింది. తల దించుకున్నాను. ఇంకొంతసేపు చూసి అక్క వాళ్ళ వైపు తిరిగింది. “రాయించింది నేనే. ఏదన్నా ఉంటే నన్నే అనండి” అంది.

ఎవరో బకెట్టుతో సున్నం తెచ్చారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, నీ చేతి రాతే గద తమ్మీ, నువ్వే కొట్టెయ్యి, లొల్లి పెరగదు అన్నాడు. గొడవ ముదిరితే అక్కకే కష్టమని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు చెప్పుకుంటాను, నాకే నమ్మబుద్ధి కాదు. నా అక్షరాల మీద నేనే సున్నం కొట్టాను. ముందు శ్రీ మీద కొట్టబోతే వాళ్ళలో ఒకాయన, అది ఉండనియ్, కింది వరకే కొట్టు అన్నాడు. అలాగే కొట్టాను. మా బావ పోయాడు, శ్రీ మిగిలింది. అక్క అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది, తలుపు మామూలుగానే వేసుకుంది.

తర్వాతి సంగతి కూడా చెప్పాలి. నెల తిరక్కుండానే ఆ పెద్దాయన భార్యకు షుగరు ముదిరి రోజూ ఇంజెక్షను కావలసివస్తే, కబురు వచ్చింది అక్కకే. అక్క డ్యూటీకి వెళ్ళే ముందు రోజూ వెళ్ళి సూది వేసి వచ్చేది. నువ్వు ఏ దేవుణ్ణి నమ్ముతావని ఆ ఇంట్లో అప్పుడెవరూ అడగలేదు. సిగ్గులేని మనుషులు అందామంటే, మొదట ఆ మాట నాకే తగులుతుంది.

ఇప్పుడా ఇల్లు లేదు, ఆ స్థలంలో కింద కోచింగ్ సెంటరు, పైన హాస్టలు. చేత్తో రాసిన గోడ ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజుల్లో చెరిపించేవాళ్ళైనా గేటు దాకా వచ్చి, ముఖం చూపించి, అమ్మా అని పిలిచి అడిగేవాళ్ళు. ఇప్పుడు గీకేసి, వీడియో పెట్టి, ఎవరి బోర్డో తెలుసుకోకుండానే వెళ్ళిపోతున్నారు. అక్క కూడా పోయాక బావ దారిలోనే, ఆ వైద్య కళాశాలకే వెళ్ళిపోయింది.

ఆ గోడ విషయం అక్క నా దగ్గర మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. పండగకు పిలిచేది, పిల్లలకు బట్టలు పెట్టేది, నేను వెళితే కాఫీ ఇచ్చేది. రిటైరయ్యాక ఇంట్లోనే ఇంజెక్షన్లు వేయడం మొదలుపెట్టింది. ఒకరోజు వెళ్ళేసరికి గేటుకు కొత్త బోర్డు వేలాడుతోంది: “ఇంజెక్షన్లు వేయబడును. బి.పి. చూడబడును.” ఎస్.ఆర్. నగర్ నుంచి ఎవరినో పిలిచి రాయించుకుందట. ఒత్తులు వంకరపోయాయి, రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంది. నాకు చెప్పలేకపోయావా అక్కా అంటే, నువ్వు పనుల్లో ఉంటావుగా అని కాఫీ గ్లాసు చేతికిచ్చింది. ఆ బోర్డు పదకొండేళ్ళు అక్కడే ఉంది. ఎండకు వెలిసిపోతే మళ్ళీ ఆ మనిషినే పిలిచి దిద్దించుకుంది. అమీర్‌పేట అంతా నా రాతే ఉన్న రోజుల్లో, మా అక్క ఇంటి ముందు మాత్రం నా అక్షరం లేదు.