గాలిమామ చెవి

ఆయనది వీధి మలుపులో సైకిళ్లకు పంచర్లు వేసే కొట్టు. అందరూ గాలిమామ అనేవారు. బెజ్జం వెతకడానికి ఆయనకు నీళ్లతొట్టి అక్కర్లేదు. గాలి నింపిన ట్యూబును చెవి దగ్గర తిప్పితే చాలు. అతుకు వేశాక బుస ఆగిందంటే పని అయిపోయినట్టే.

కూతురికి గుండె కింది గదుల మధ్య గోడకు పుట్టుకతోనే బెజ్జం ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "చప్పుడొస్తుందా అమ్మా?"

"వస్తుంది. కాస్త బరువెక్కగానే తీసుకురండి, ఆపరేషన్‌తో మూసేద్దాం. ఆలస్యం మాత్రం చేయొద్దు" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి పిల్ల ఎదమీద చెవి పెట్టాడు. బుస్సుమంటోంది. అప్పట్నుంచి కొట్టు కట్టేసి రాగానే అదే పని.

"నాన్నా, గడ్డం గుచ్చుకుంటోంది!"

"ఉండవే పిచ్చుకా, గాలి చూడనీ."

"నేనేమన్నా సైకిలునా?"

పిచ్చుక బరువెక్కుతుంటే బుస తగ్గుతూ వచ్చింది. ఒకరోజు చెవి ఎంత అదిమినా వినపడలేదు. "పూడిపోయిందే!" అని గాలిమామ ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"మరి మెట్లెక్కితే ఆయాసమెందుకయ్యా? ఒకసారి చూపిద్దాం" అంది భార్య.

"పసిదాని ఎద కోయించాలని సరదాగా ఉందా నీకు? నా చెవి ఎప్పుడన్నా తప్పిందా?"

తప్పలేదు. అందుకే ఆమె ఊరుకుంది.

కొన్నేళ్లకు పిచ్చుక బడినుంచి వస్తూ గడప దగ్గర కూలబడింది. పెదవులకూ గోళ్లకూ సిరా పూసినట్టుంది.

"ఇన్నేళ్లూ ఏమైపోయారు?" అంది డాక్టరమ్మ.

"చప్పుడు ఆగిపోయిందమ్మా. మానిందనుకున్నా."

"మానలేదు. బెజ్జంలోంచి ఊపిరితిత్తులకు పోటెత్తిన రక్తానికి అక్కడి నాళాలు బిగుసుకుపోయాయి. ఇప్పుడు గోడకు రెండువైపులా ఒత్తిడి సమానం. అందుకే చప్పుడు లేదు."

"పోనీ, ఇప్పుడు మూసేయండి."

"ఇప్పుడు మూస్తే గుండె తట్టుకోదు. మందులిస్తాను. ఎన్నాళ్లు లాగుతుందో లాగనిద్దాం."

లోపలా బయటా గాలి ఒకటైపోతే చిల్లుపడ్డ ట్యూబు కూడా బుసకొట్టదు. ఆ సంగతి గాలిమామకు ఒకరు చెప్పాలా?

మర్నాటి నుంచి కొట్లో ప్రతి ట్యూబునూ నీళ్లలో ముంచడం మొదలుపెట్టాడు.

"ఏం గాలిమామా, చెవుడొచ్చిందా?" అని నవ్వాడు పాలవాడు.

"వచ్చింది" అన్నాడు, తొట్టిలోంచి తల ఎత్తకుండా.

ఆ సాయంత్రం ఆయన ఎంతసేపు కడుక్కున్నా చేతుల మసి వదల్లేదు. పిచ్చుకే నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంది.

"గాలి చూడవా నాన్నా?"

చెవి ఆనించాడు. చాలాసేపు తీయలేదు. గడ్డం గుచ్చుకుంటోందని పిల్ల ఈసారి అనలేదు.