ఆయన అంగ వేసిన చోటు

మొన్న మంగళవారం పొద్దున దిగువ చేల రైతు ఒకాయన ఫోన్ చేసి, "మన లస్కరు గారు పోయారండీ" అన్నారు. మండపేట శివార్లలోని మా కాలనీలో ఆ కబురు క్షణాల్లో పాకిపోయింది. పక్కింటి సంగతులు కూడా ఫోన్లోనే తెలుసుకునే మేమంతా ఆ రోజు పనులు మానుకుని రోడ్డు మీదికి వచ్చేశాం.

తూము తలుపులెత్తి చేలకు నీళ్ళు వదిలే లస్కరుగా పనిచేసి ఆయన రిటైరయ్యారు. మా కాలనీ కూడా ఒకప్పుడు ఆయన నీళ్ళు పెట్టిన చేలే. గ్రావెల్ పోసి మెరక చేసి ప్లాట్లు వేస్తే కొనుక్కున్నాం. నేనైతే చుట్టూ ప్రహరీ కూడా కట్టి మీసం మెలేశాను.

రోజూ పొద్దున్నే ఆయన మా వీధిలో నడిచేవారు. మా గోడ దగ్గరికి రాగానే పంచె ఎత్తిపట్టి, పొడి సిమెంటు రోడ్డు మీద పెద్ద అంగ వేసేవారు. మీకు చెప్పడానికి సిగ్గేగానీ, చాదస్తమని నేనూ నవ్వుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"బోదె ఉంది కదండీ. తొక్కకూడదని."

"ఎక్కడండీ బాబూ బోదె? రోడ్డే కదా!"

"మీరు కప్పేశారండి. చివరి చేలకి నీళ్ళు తీసుకెళ్ళే కాలవండి అది. ఎక్కడికీ పోలేదు."

చేతికర్రతో గీత గీసి చూపించారు. అది తిన్నగా నా గోడ కిందికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది.

"అయితే నా గోడ పడగొట్టమంటారా ఏంటి?"

"నేనేమీ అనట్లేదండి. నీళ్ళకి లేఅవుట్ కాగితం చదవడం రాదు, అదే నా భయం."

ఆయన భయం మా ఇళ్ళ గురించి మాత్రమే కాదు. నీరందక రెండు సార్వాల వరి నాట్లు ఆలస్యంగా ఊడ్చుకున్న దిగువ రైతులు, ఇక ఆ చేలు కూడా ప్లాట్లకిచ్చేద్దామని మాట్లాడుకుంటున్నారు. ఇంకొక్క ఏడాది అలాగే గడిస్తే అవీ కాలనీ అయిపోయేవి.

ఆ ఏడు తుఫాను వానకు నీళ్ళు మా వరండా ఎక్కాయి. సరిగ్గా ఆయన గీసిన చోటే ప్రహరీ బీటలిచ్చింది. తెల్లారగానే ఆయన గడప తొక్కాను. నే చెప్పలేదా అని ఆయన అనలేదు. "ముందు టీ తాగండి, చాలా పనుంది" అంటూ పార అందుకున్నారు.

నా గోడ మీద మొదటి గునపం దెబ్బ నేనే వేశాను. కాలనీవాళ్ళం, రైతులు కలిసి రోజుల తరబడి తవ్వాం. ఆయన కర్ర పాతిన చోట పాత తూము గొట్టం బయటపడితే పెద్దవాళ్ళం కూడా ఈలలు వేశాం.

తర్వాతి సార్వాకు కాలవలు వదిలిన రోజు ఆయన, ఆ వయసులో, వస్తున్న నీళ్ళతో సమానంగా గట్టు వెంట పరుగుపెట్టారు. "వచ్చేశాయండోయ్! వచ్చేశాయి!" చివరి చేలో నీళ్ళు పడ్డాక గట్టు మీద కూలబడి పగలబడి నవ్వారు. గోడ పోగొట్టుకుని నేను అంత గర్వపడతానని ఎన్నడూ అనుకోలేదు. థాంక్సండీ అనబోతే, "నాకెందుకండీ, చేలు అమ్మకుండా ఆగిన ఈ రైతులకి చెప్పండి" అన్నారు. ప్లాట్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ చేలు ఈ ఏడూ పచ్చగానే ఉన్నాయి.

ఆయన చివరి ప్రయాణం మా వీధిలోంచే సాగింది. బోదె మీద ఇప్పుడు పలకలు వేశాం, ఎవరూ దాటాల్సిన పని లేదు. అయినా మా గోడ పడగొట్టిన సందు దగ్గరికి రాగానే పాడె మోస్తున్న నలుగురూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, పెద్ద అంగ వేశారు. పలకల కింద నీళ్ళు గలగలమంటూ చివరి చేలవైపు పోతున్నాయి.