బాబాయి పెళ్లి వీడియో, నా రెండు డ్రైవులు

ఇది చదివాక మీ ఇంట్లో కంప్యూటర్ పాడైతే నన్ను మాత్రం పిలవరు. మంచిదే. ఆ నమ్మకంతోనే చెబుతున్నాను.

మా బాబాయి తాడేపల్లిగూడెంలో హెడ్మాస్టరు. ఆయన ఇరవయ్యో పెళ్లిరోజుకి పిన్నిది ఒకటే కోరిక. చర్చిలో జరిగిన తన పెళ్లి వీడియో అందరితో కూర్చుని చూడాలి. అదేమో డీవీడీలో ఉంది. ఇంట్లో ప్లేయరు ఎప్పుడో పోయింది. చుట్టాలందరిలోకీ డిస్కు పెట్టే కంప్యూటర్ ఉన్నది ఏలూరులో నాకొక్కడికే.

నాకేమో అప్పుడే ఇంజనీరింగ్ అయింది. కంప్యూటర్‌లో విండోస్ పీకేసి లైనక్స్ ఎక్కించి, దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినవాడిలా తిరుగుతున్నాను.

"తెచ్చెయ్యండి పిన్నీ, చిటికెలో పని" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మా ఇంటికి దిగారు. కొల్లేటికోట నుంచి మేనత్తలైతే కొర్రమీను పులుసుతో సహా వచ్చారు. కంప్యూటర్ని టీవీకి తగిలించాను. దానికి డిస్కులు పెట్టే డ్రైవులు రెండు, ఒకదాని కింద ఒకటి. కిందిదాంట్లో డిస్కు పెట్టి ప్లే నొక్కాను. 'అనుమతి లేదు' అని వచ్చింది.

"మనింట్లో కంప్యూటర్‌కి ఎవరి అనుమతిరా?" అంది పిన్ని.

"లైనక్స్‌లో అంతే పిన్నీ. డ్రైవు వాడుకునే హక్కు మనకి మనమే ఇచ్చుకోవాలి."

"ఏవండీ, ఈలోగా భోజనాలు కానిచ్చేద్దామా?"

"ఉండవే, కుర్రాడు ఏదో చేస్తున్నాడు" అన్నారు బాబాయి, చేతులు వెనక్కి కట్టుకుని.

కుర్రాడు చేస్తూనే ఉన్నాడు. తెర నిండా కమాండ్లు కొట్టాను, పులుసు చల్లారిపోయింది. చివరికి లాగౌటై మళ్లీ లోపలికొచ్చేసరికి డ్రైవు పిల్లిలా గుర్రుమంది.

"వచ్చేసింది!" అని గంతేశాను.

టీవీలో కనిపించింది చర్చి కాదు, మా హాస్టల్ గది. మధ్యలో నేను. లుంగీ మీద కోటు, ముక్కు చివర కళ్లద్దాలు, చేతులు వెనక్కి.

"విద్యార్థులారా! ఇప్పుడు నేను దగ్గుతాను. ఆ దగ్గును నోట్సులో రాసుకోండి. అర్థమవుతోందా?"

లైనక్స్ తెరిచింది పై డ్రైవుని. కాలేజీ రోజుల్లో అందులో పెట్టి మరిచిపోయిన డిస్కది.

పై డ్రైవు బటన్ నొక్కాను. రాదే! వాడుకలో ఉన్న డిస్కుని లైనక్స్ చచ్చినా వదలదండీ. అంతటి నిజాయితీ నాకు ఆ క్షణంలో అక్కర్లేదు.

"ఆపరా" అన్నారు బాబాయి.

"ఆగట్లేదు బాబాయ్!"

కంగారులో టీవీ వైరనుకుని కీబోర్డు వైరు పీకేశాను. ఇక అడ్డేముంది, తెర మీద నేను హాయిగా దగ్గుతూనే ఉన్నాను.

మొదట నవ్వింది పిన్ని. "ఏవండీ, అచ్చం మీరే!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మేనత్తలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. బాబాయి మాత్రం చేతులు వెనక్కి కట్టుకునే చివరిదాకా చూశారు.

తర్వాత కీబోర్డు మళ్లీ తగిలించి, కింది డ్రైవు పేరు వెతికి పట్టుకున్నాను. పెళ్లి వచ్చింది. పిన్ని కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ మొత్తం చూసింది. చల్లారిన పులుసే అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం.

వెళ్లేముందు బాబాయి నన్ను పక్కకి పిలిచారు.

"ఆ పై డ్రైవులోది నాకో కాపీ తీసిపెట్టు. స్టాఫ్ రూములో చూపించాలి" అన్నారు. గుమ్మం దాటబోయి వెనక్కి తిరిగారు. "కానీ దగ్గు అలా కాదురా. ఇదిగో, ఇలా."

దగ్గారు. ఆయన దగ్గర చదువుకున్న చుట్టాలు నలుగురైదుగురు చేతిలో వక్కపొడితో సహా లేచి నిలబడ్డారు.

ఆ సాయంత్రమే కీబోర్డు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ప్రాణం పోయినా సరే, ఏ డ్రైవునీ ఇక పదిమందిలో మొదటిసారి తెరవను. ముందు తలుపులు వేసుకుని, ఒంటరిగా, ఒకసారి తెరిచి చూసుకుంటాను.